మా ఇంటాయన ఒంటరిగా బస్సెక్కినాడు

తలకు దెబ్బ తగలక ముందు రాబర్ట్‌సన్‌పేటలో మా బట్టలంగడి అంతా మా ఇంటాయన నోటి మీదే నడిచేది. బంగారు గని మూసేసినాక బజారంతా చప్పబడిపోయినా మా అంగడి నిలబడిందంటే ఆ మాటకారితనమే కారణం. ఒకరోజు క్యాసంబళ్ళిలో పెండ్లి బట్టల సంగతి మాట్లాడుకొని స్కూటరు మీద వస్తా ఉంటే ఎనుము అడ్డమొచ్చింది. హెల్మెట్టు ఇంట్లో బీరువా మీద భద్రంగా ఉండింది.

బెంగుళూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపించినారు. కుడిచేతికి పట్టు లేదు. చెప్పిన మాట అప్పుడే మరిచిపోతాడు. చెంబు కావాలంటే చెప్పు అడుగుతాడు, చెప్పు తెచ్చిస్తే నా మీద అరుస్తాడు. ఇంత జరిగినా, "నాకేమయింది? బాగానే ఉండాను. మీకే పిచ్చి" అనేవాడు. ఆ మాట వినీ వినీ నా తల తిరిగిపోయేది.

డాక్టరు చెబితే ఊళ్ళోనే ఒక సెంటరుకు తీసుకపోయినాను. పాత గని క్వార్టర్సులో రెండు గదులు. తలకు దెబ్బలు తగిలినవాళ్ళు పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చేస్తారు. అక్కడ పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయనుకున్నాను. మధ్యాహ్నం తొంగి చూస్తే మా ఆయన చాప మీద కూర్చొని నానబెట్టిన అనపగింజలు పితికి పొట్టు తీస్తా ఉండాడు. వేళ్ళకు బలమొస్తుందంట. ఆ సంగతి తెలిసి మా అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"అంగడి యజమాని చేత పితికిపప్పు చేయిస్తారా? ఆ పని ఇంట్లో చేయించలేకనా అక్కడికి పంపిస్తా ఉండావు?" అనింది.

సెంటరు నడిపే మేడమ్ చిన్న వయసుది. తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుతుంది. మా ఆయన్ని అన్నా అనేది, నన్ను అమ్మా అనేది. "ఇంట్లో ఆయన పని మీరు చెయ్యొద్దమ్మా. అడిగినా చెయ్యొద్దు. లేటయినా చూస్తా కూర్చోండి" అని నాకు గట్టిగా చెప్పింది.

చూస్తా కూర్చోవడం ఎంత కష్టమో ఆ పిల్లకేం తెలుసు? పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెడితే పొయ్యి మీద సంగటి ఉడికి దిగేది, అత్త స్నానం అయిపోయేది, ఆయన మాత్రం ఇంగా రెండో గుండీ దగ్గరే. అవతల అంగడి తెరవాల. ఒకరోజు ఓపిక నశించి చరచరా గుండీలన్నీ నేనే పెట్టేసినాను. అన్నీ మరిచిపోయే మనిషి అది మాత్రం మరవలేదు. పోయీ పోంగానే మేడమ్‌కు, "ఈరోజు మా ఆమె వేసింది" అని చెప్పేసినాడు. సాయంత్రం నాకు చీవాట్లు.

ఇంగ, అక్కడొక తీరు, ఇంట్లో ఒక తీరు. సెంటరులో కాఫీ పెట్టి అందరికీ పోసేవాడంట. ఇంటికొస్తే కాలు మీద కాలేసుకొని, "నీళ్ళు తే" అనేవాడు.

"అక్కడ చేసేది ఇక్కడ చెయ్యలేరా?" అంటే, "అక్కడ అందరికీ తలలో తేడా. పాపమని చేస్తా ఉండాను" అనేవాడు. ఆయనకు మాత్రం ఏమీ లేదు.

అట్లా నెలలు గడిచినాయి. చేతికి కొంచెం పట్టొచ్చింది. ఒకనాడు మేడమ్ నన్ను పిలిచి, "అన్న బైరకూరులో అక్కగారింటికి పోవాలంటా ఉండాడు. ఒంటరిగా పంపిద్దాం. మా మనిషి తోడుపోయి దారి చూపించినాడు, అన్నకు దారి తెలిసిపోయింది. మీరు వెనకాల పోకూడదు" అనింది.

నేను కాదన్నాను, జగడమాడినాను. చివరికి నా మాట ఎవరూ వినలేదు. పొద్దున్నే చొక్కా జేబులో అంగడి ఫోను నంబరు పెట్టుకొని మా ఆయన పెండ్లికొడుకు మాదిరి బయలుదేరినాడు.

మధ్యాహ్నం బైరకూరు నుంచి వదిన ఫోను చేసింది. "తమ్ముడు ఇంగా రాలేదే. యాడ దిగినాడు?" అనింది. అంగడి మూసి సెంటరుకు పరుగెత్తినాను. "నా మొగుడు యాడ?" అని మేడమ్ మీద నోటికొచ్చినట్టు అరిచినాను. ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి, మనుషులను బస్టాండుకు పంపించింది.

వాళ్ళు తిరిగి రాకముందే ఆయనే వచ్చినాడు. మొహమంతా దుమ్ము. చూస్తానే నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

"యాడికి పోయినారు?"

"క్యాసంబళ్ళికి."

పొద్దున తప్పు బస్సెక్కినాడు. క్యాసంబళ్ళిలో దిగినాక, ఇది బైరకూరు కాదని అర్థమయింది. ఎట్లా పోవాలో గుర్తుకు రాలేదు, జేబులో నంబరుందని కూడా మరిచిపోయినాడు, నోట మాట రాలేదు. చానాసేపు టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడంట. కడాకు టీ అంగడాయనతో, "అప్పా, నా తలకు దెబ్బ తగిలింది. మాటలు మరిచిపోతా ఉంటాను. రాబర్ట్‌సన్‌పేట బస్సు వస్తే చెప్పు" అన్నాడంట. ఆయన టీ ఇచ్చి, బస్సెక్కించి, కండక్టరుకు అప్పజెప్పినాడు.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "విన్నారా అమ్మా? నా తలకు దెబ్బ తగిలిందని అన్న తన నోటితో చెప్పినాడు. ఇన్ని నెలలుగా నేను కాచుకొనుండేది ఈ మాటకే" అనింది.

తప్పిపోతే కూడా సంతోషించే బడిని నేను యాడా చూడలేదు. ఇంట్లో నేను నెత్తీనోరూ కొట్టుకొని చెప్పినా ఒప్పుకోని మాటను, ముక్కూమొహం తెలియని టీ అంగడాయనకు చెప్పి వచ్చినాడు. ఆ కోపంలోనే ఇంటికొచ్చి అన్నం పెట్టినాను. ఆయన తింటా తింటా, "నాకు భయమయింది" అన్నాడు. పెండ్లయినప్పటి నుంచి ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఇంకాస్త పులుసు పోసినాను.

తర్వాత మళ్ళా పోయినాడు, ఈసారి సరిగ్గా బైరకూరుకే. ఇప్పుడు అంగడిలో బేరం నేను మాట్లాడతాను. ఆయన చీరలు మడత పెడతాడు, ఎవరైనా ధర అడిగితే, "నాకు మతిమరుపు, ఆమెనడగండి" అంటాడు. కోపం తగ్గలేదు. వారానికొకసారి జగడమాడతాం.

మొన్న సెంటరు బయట ఒక పల్లెటూరామె కూర్చొనుండింది. మొగుడు మామిడి చెట్టు మీద నుంచి పడినాడంట. "ఎప్పటికి మునుపటి మాదిరి అవుతాడక్కా?" అనింది.

"మునుపటాయన రాడమ్మా. ఇప్పుడుండే ఆయనతోనే కాపురం చెయ్యాల" అన్నాను.

ఆ మాట ఆమెకు నచ్చలేదు. మొహం తిప్పుకొని లోపలికి పోయింది. మొదట్లో నాకెవరైనా అట్లా చెప్పుంటే నేనూ మొహం తిప్పుకొనుందును.