కాకికిచ్చిన మాట

వంట ఆంజనేయులు గారంటే తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా తెలియని వైదికుల ఇల్లు లేదు. పూర్తి పేరు సీతారామాంజనేయులు. అంత పేరూ పిలిచేలోపు పులుసు పొంగిపోతుందని జనం సగానికి తగ్గించేశారు. పుట్టింది అత్తిలి. చిన్నతనంలోనే తండ్రి పోతే ఏలూరు చేరి, వారాలు చేసుకుంటూ, అంటే రోజుకొకరింట్లో భోంచేస్తూ ఎనిమిదో తరగతి దాకా ఈడ్చుకొచ్చాడు. చదువు అబ్బలేదు గానీ వంట అబ్బింది. ఆ రోజుల్లో గురువారం భోజనం పట్టాభిరామయ్య మాస్టారింట్లో. ఆ మాస్టారు నిరుడు పోయారు. ఏడాది తద్దినానికి వంట చేయమని కొడుకు జయకృష్ణ కబురు పెట్టగానే, ఆంజనేయులు ఒప్పుకున్న పెళ్ళి వంట కూడా వదులుకుని పొద్దున్నే ఏలూరు పాసింజరెక్కాడు. తనకు అన్నం పెట్టిన మనిషికి ఒక్క పూటైనా కడుపునిండా పెట్టాలి. ఆయన కోరికల్లా అదే.

పవర్‌పేటలో మాస్టారి ఇల్లు పాతదే, వంటిల్లే కొత్తది. మడి కట్టుకుని వెళ్ళిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. సిలిండరు లేదు, బర్నర్లు లేవు. గట్టు మీద నల్లటి అద్దం పలక ఒకటి ఉంది.

"పొయ్యేదమ్మా పరమేశ్వరీ?" అని మాస్టారి కోడల్ని అడిగాడు.

"అదేనండీ బాబాయిగారూ. ఇండక్షన్ పొయ్యి. డాబా మీద సోలార్ పలకలు పెట్టించాం కదండీ, పగలంతా కరెంటు మనదే. గ్యాసు కనెక్షన్ తిరిగి ఇచ్చేశాం. మన వంతు పొగైనా తగ్గిద్దామని మొదలెట్టామండీ. చిత్రంగా నా ఆయాసం కూడా తగ్గింది."

"బాగుందమ్మా. మరి మంటేదీ?"

"మంట ఉండదండీ."

మంట ఉండని పొయ్యేమిటి, నా మొహం! ఆంజనేయులు చెయ్యి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. కూడా తెచ్చుకున్న ఇత్తడి గిన్నె పెడితే కీచుమని అరిచి ఊరుకుంది. పరమేశ్వరి స్టీలు గిన్నె పెట్టగానే బుద్ధిగా నీళ్ళు మరిగించింది. ఇదేం పక్షపాతం తల్లీ అనుకున్నాడు. వంట మొదలెట్టే ముందు నేతిలో తడిపిన నాలుగు బియ్యపు గింజలు అగ్నిహోత్రుడికి వెయ్యడం ఆయన అలవాటు. వేశాడు. గింజలు అద్దం మీద అలాగే పడుకుని ఉన్నాయి. తుడిచెయ్యాలో ఉంచాలో తోచలేదు. అగ్ని ఉన్నట్టా, లేనట్టా? లేకపోతే నీళ్ళెలా మరిగాయి? ఉంటే గింజలెందుకు పుచ్చుకోడు? పోనీ మానేద్దామా అంటే భోక్తలు వచ్చి కూర్చున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వండేశాడు. గారెలు వేగాయి, పరమాన్నం కుదిరింది, మనసు మాత్రం కుదుటపడలేదు.

భోక్తలు తిని వెళ్ళాక జయకృష్ణ పిండం తీసుకెళ్ళి డాబా పిట్టగోడ మీద పెట్టాడు. కాకి ముడితే పెద్దాయన తిన్నట్టు. ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. కాకులు రాకేం, వచ్చాయి. ఎదురింటి కొబ్బరిచెట్టెక్కి కావుకావుమన్నాయి. ఒక్కటీ ఇటు వాలలేదు.

పోయినవారికి ఏదో వెలితి ఉంటేనే కాకి ముట్టదంటారు. అదేదో కనిపెట్టి మాటివ్వాలి. "నాన్నా, మీ పుస్తకాలు అమ్మనులెండి" అన్నాడు జయకృష్ణ. కాకి రాలేదు. "మావయ్యగారూ, మీ చెల్లెలిగారితో పంతం మానేస్తానండీ" అంది పరమేశ్వరి. జయకృష్ణ ఆవిడ వంక వింతగా చూశాడు. కాకి మాత్రం రాలేదు.

ఆంజనేయులుకి ఏడుపొక్కటే తక్కువ. అన్నం పెట్టిన మనిషి తన మూలాన ఆకలితో తిరిగి వెళ్ళిపోతున్నాడు! "నా వల్లేనయ్యా. అగ్ని లేని వంట పెట్టాను. ఆ పొయ్యి తీసేస్తానని మాటివ్వు బాబూ" అన్నాడు.

జయకృష్ణ భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. "నాన్నా, ఆ పొయ్యి తీయించేసి మళ్ళీ గ్యాసు పెట్టిస్తాం. తినండి నాన్నా" అన్నాడు.

ఇంతలో గాలి వీచింది. సోలార్ పలకల చుట్టూ ఏదో తళతళా మెరిసి, చెట్టు మీది కాకులన్నీ గోలగా లేచిపోయాయి.

"అవేమిటి బాబూ?"

"రిబ్బన్లండి. కాకులు రెట్టలేస్తే పలకలకి కరెంటు తగ్గిపోతోందని... చేపల చెరువుల మీద కొంగలు వాలకుండా కడతారు కదండీ, కైకలూరు నుంచి తెచ్చి నేనే..." అని నాలిక కరుచుకున్నాడు జయకృష్ణ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కాకులు రాకుండా కట్టి, కాకిని భోజనానికి పిలుస్తావటయ్యా!"

రిబ్బన్లన్నీ తెంపేసి ముగ్గురూ మెట్ల దగ్గర నిలబడ్డారు. కాసేపటికి ఒక కాకి వచ్చి వాలింది. అటూ ఇటూ చూసి పిండంలో ముక్కు పెట్టింది. ఆంజనేయులు కళ్ళు తుడుచుకున్నాడు. పరమేశ్వరి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"అయితే పొయ్యి తీసెయ్యాల్సిందేనాండీ? మాటిచ్చేశారు కదా."

ఆంజనేయులుకి బుర్ర తిరిగిపోయింది. కాకి వచ్చింది మాటిచ్చినందుకా, రిబ్బన్లు తీసినందుకా? రిబ్బన్లకే అయితే పొయ్యి చేసిన పాపమేమిటి? పొయ్యికే అయితే, ఆ పొయ్యి మీద వండిందే కదా ఇప్పుడు తింటున్నది! శాస్త్రం ఏమంటుందో ఆయనకు తెలియదు. ఆ మాట ఇప్పించింది తనేనన్నది ఒక్కటే తెలుసు.

మెల్లగా రెండడుగులు ముందుకు వేసి చేతులు కట్టుకున్నాడు.

"మేష్టారూ! ఆ మాట నేనే ఇప్పించాను, నేనే వెనక్కి తీసుకుంటున్నానండీ. మీ కోడలు ఇన్నాళ్ళకి హాయిగా ఊపిరి పీలుస్తోంది. మీకు కోపమొస్తే ఆ పిండం వదిలేసి వెళ్ళిపోండి."

కాకి తలెత్తి ఆయన వంక చూసింది. ముగ్గురూ కదల్లేదు. అది మెడ ఒకసారి విదిల్చి మళ్ళీ తినసాగింది.

"విన్నారంటారా బాబాయిగారూ?" అని గొణిగింది పరమేశ్వరి.

"ఏమోనమ్మా. తింటున్నది మేష్టారైతే విన్నట్టే. ఉత్త కాకే అయితే, అసలు మాటెవరికిచ్చినట్టు?" అన్నాడు ఆంజనేయులు. "రండి, విస్తళ్ళు వేస్తాను. ఆకలేస్తోంది."