ఐలయ్యకు చదివి వినిపించని అర్జీ

2023 డిసెంబరు నాటి మాట. మహారాష్ట్రలోని చంద్రపూర్ బస్టాండు వెనక, జిరాక్స్ షాపు పైన ఉన్న ఒక్క గదే మా ఆఫీసు. జానపద కళాకారుల తరఫున రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీలు పెట్టి, వాటి వెంట పడే చిన్న సంస్థ మాది. పద్నాలుగేళ్లుగా అక్కడ ప్రపోజల్స్ రాసేది నేనే. ప్రపోజల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ కళ మీద ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చుపెట్టాలో వాళ్ల ఫారంలో, వాళ్ల మరాఠీలో ఒప్పించేలా చెప్పడం. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గుగనిలో పనికి వచ్చాడు. తెలుగు ఇంట్లో, మరాఠీ బడిలో నేర్చుకున్నాను. రెండూ వచ్చు గనుక తెలుగు ఊళ్ల ఫైళ్లన్నీ నా నెత్తినే పడేవి.

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కంగారెక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలో బస్సు దిగి ఇంటికి పరిగెత్తిన మనిషిని. అలాంటిదానికి ప్రభుత్వం నుంచి జవాబు కోసం ఎదురుచూసే ఉద్యోగం దొరకడం నా ఖర్మ.

ఆ ఏడాది నన్ను కుదురుగా ఉండనివ్వని ఫైలు ఐలయ్యది. గోండ్‌పిప్రి దాటాక అడవి అంచున ఉన్న ఊరు ఆయనది. ఒగ్గు కథ చెబుతాడు. డోళ్లు, తాళాల నడుమ నిలబడి కాసేపు పాడి, కాసేపు ఆడి, ఒక్కడే రాజై, రాణై, గొర్లకాపరై కథ నడుపుతాడు. ఒకప్పుడు పన్నెండు మంది బృందం. ఇప్పుడు ఆయనతో కలిపి ముగ్గురు. ఉన్న రెండు డోళ్లలో ఒకదాని చర్మం పగిలింది. కొత్తవాళ్లకు నేర్పాలని ఆయన ఆశ. దానికి అనుదాన్, అంటే ప్రభుత్వ సాయం కావాలి. అసలు చిక్కు ఏమిటంటే, సాయానికి అర్హమైన కళల జాబితాలో ఒగ్గు కథే లేదు. ముందు కళ జాబితాలోకి ఎక్కాలి, తర్వాత ఐలయ్యకు సాయం రావాలి.

దానికి తోడు గడువొకటి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి ఎవరో కాంట్రాక్టర్ ఆయన్ను పిలిచాడు.

"హోలీ దాక ఆగుతా అన్నడు బిడ్డా. గప్పటిదాక నీ కాగద్ అయితే సరే. లేకుంటే డోలు అటక మీద పెట్టి గేటు కాడ కూసుంట" అన్నాడు ఐలయ్య.

కథలు చెప్పేది పంట చేతికొచ్చాకే. గేటు దగ్గర సెలవెవరిస్తారు? ఆయన గేటుకు పోతే ఆ కథలన్నీ ఆయనతోనే ఆగిపోతాయి. ఆ భయంతోనే ప్రపోజల్ రాశాను. మా పనిలో ఒక దురలవాటు ఉంది. ఎంత దీనంగా రాస్తే ఫైలు అంత తొందరగా కదులుతుందని పెద్దవాళ్లు చెప్పారు, నేనూ నమ్మాను. రాసి, సంతకానికి తీసుకెళ్తే, "నువ్ రాసినవంటే సరే" అని ఐలయ్య కళ్లజోడు కూడా పెట్టుకోకుండా చేవ్రాలు చేశాడు.

డిసెంబరులో స్పాట్ విజిట్ అన్నారు. మనం రాసింది నిజమో కాదో ముంబై నుంచి కమిటీ సభ్యులు ముగ్గురు స్వయంగా వచ్చి చూసుకోవడం అన్నమాట. ముందురోజు ఐలయ్య కోడలు సునీతకు ఫోన్ చేశాను. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తుంది, మరాఠీ బాగా చదువుకుంది.

"హంగులేం వద్దు సునీతా. ఉన్నది ఉన్నట్టు కనపడాలె."

"నక్కీ అక్కా" అంది, అంటే తప్పకుండా అని. గొంతు ముభావంగా ఉంది. పొలం పనుల్లో అలిసిపోయిందేమో అనుకున్నాను.

కమిటీవాళ్లతో నేనెక్కిన జీపు ఊళ్లోకి తిరగగానే నా గుండెల్లో రాయి పడింది. షామియానా, మైకు, నాలుగు కొత్త డోళ్లు, మెరిసే అంచు పంచెలు కట్టిన పదిహేను మంది మగవాళ్లు! మధ్యలో ఐలయ్య, భుజాన పట్టు కండువాతో పెళ్లికొడుకులా ఉన్నాడు. ఓరి దేవుడా, పగిలిన డోలు ఏది? ముగ్గురే మిగిలారని నేను రాసిన బృందం ఏది?

కథ మొదలైంది. ఆయన గొంతు మాత్రం ఎప్పటిలాగే గంట కొట్టినట్టు ఉంది. అంతలో కట్నాలు మొదలయ్యాయి. కథ నచ్చినవాళ్లు మధ్యలో లేచొచ్చి శాలువానో, బియ్యమో, కోడినో ఇస్తారు. కథ ఆపి, ఇచ్చినవాళ్ల పేరు మైకులో చెప్పి దీవించాలి. అది ఆచారం. ఆ రోజు ఊరు ఊరంతా వరస కట్టింది. ఒక్కో పేరు వినబడ్డప్పుడల్లా నా పక్కనున్న సభ్యుడు కాగితం మీద ఏదో గీస్తున్నాడు. ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. 'ప్రజాదరణ సరిపడా ఉందా' అని అందులో ఒక గడి ఉంటుంది. ఉంది అని టిక్కు పడితే, మరి ప్రభుత్వం ఎందుకు అంటారు.

చివర్లో కమిటీ అధ్యక్షురాలు ఐలయ్యను కూర్చోబెట్టుకుని అడిగింది. నేను దుబాసీని.

"ఈ డోళ్లు మీవేనా?"

"మావే" అన్నాడు, నా వైపు చూడకుండా.

"ఈ పదిహేను మంది మీ బృందమేనా?"

"మా బృందమే."

నిజం చెప్పనా? ఊరంతా చూస్తుండగా ఆయన్ని అబద్ధాలకోరును చేయనా? ఆయన చెప్పిందే మరాఠీలో చెప్పాను. ఆమె నన్నే చూస్తూ, "ఇంకా ఏమైనా పంపదలిస్తే వారంలో పంపండి" అని లేచింది.

జీపు వెళ్లిపోయింది. నేను బస్సుకు వస్తానని ఆగిపోయాను. ఐలయ్య ఇంటి వాకిట్లో నా కోపం కట్టలు తెంచుకుంది.

"ఏంది పెద్దబాపు ఇది? గీ డోళ్లు ఎవలవి?"

"నది అవుతలి ఊరోళ్లవి. వాళ్లే వచ్చి కొట్టిన్రు."

"ఉన్నది ఉన్నట్టు చూపెట్టుమన్న గదా! నోటికాడి కూడు నువ్వే ఎల్లగొట్టుకుంటివి!"

ఐలయ్య నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. "సునీతా, గా కాగద్ తే" అన్నాడు.

విజిట్ నోటీసుతో పాటు ప్రపోజల్ కాపీ కూడా దరఖాస్తుదారుకు పంపుతారు. ముంబై నుంచి కాగితం వచ్చిందన్న సంబరంతో ఐలయ్య పదిమందిని పిలిచి కూర్చోబెట్టి, కోడల్ని పైకి చదవమన్నాడట. సునీత ఇప్పుడు నా ముందు అదే కాగితం తీసి, నా వాక్యాలను ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది.

"'ఇంటింటికి తిరిగి అడుక్కొని పొట్ట పోసుకుంటుండు.' 'ఇంట్ల పూట గడువది.' మా మామ ఎవలింటి ముంగట చెయ్యి చాపిండు అక్కా? మూడెకరాల వరి లేదా మాకు? నేను సగంల ఆపేసిన. పక్కపొంటి ఉన్న పోరగాడు గుంజుకొని మిగిలింది సదివిండు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కథ చెప్పినంక శాలువ కప్పి, బియ్యం పోసి పంపుతరు. అది బిచ్చమా బిడ్డా?" అన్నాడు ఐలయ్య. "నువ్ రాసిన కాగద్ ఇన్నంక ఊరోళ్లు నా మొకం చూడనీకే మొహమాటపడ్డరు. నా ఇజ్జత్ నిలవెట్టాలనే ఇయ్యాల గట్ల వరస కట్టిన్రు. ఇగ పాహుణే ముంగట చిరిగిన పంచెతోని నిలవడాల్నా?"

పాహుణే అంటే అతిథులు. అతిథుల ముందు లేమి చూపించుకోవడం ఏ ఇంట్లో ఉంది గనుక? నా ఇంటికే ఎవరైనా వస్తే పక్కింటి నుంచి కప్పులు తెస్తాను. ఇద్దరం అబద్ధాలే ఆడాం. ఆయన లేనిది ఉన్నట్టు చూపించాడు, నేను ఉన్నది లేనట్టు రాశాను. మొదలుపెట్టింది మాత్రం నేనే.

"తప్పయింది పెద్దబాపు" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఇప్పుడేం జేస్తె మన కాగద్ నిలుస్తది?" అన్నాడు.

"నిజం రాయాలె. నా అబద్ధం నేను రాస్త. నీది నువ్వు చెప్పాలె."

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఊరందరి ముందు అంత దర్జాగా చెప్పింది నిజం కాదని కాగితం మీద ఒప్పుకోవడం అంటే మాటలా? వద్దంటాడేమోనని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. చివరికి, "రాయి" అన్నాడు.

"డోళ్లు మావి కావు. కొట్టినోళ్లు మావోళ్లు కారు. కథ మాది. నాకు తిండికి కొదువ లేదు. నేర్సుకునేటోళ్లకు డోళ్లు కావాలె. నాలుగు నెలలు నా కాడ కూసుంటె వాళ్ల కూలి పోతది, అది పోకుంట చూడాలె. గంతే."

మరాఠీలో రాశాను. తిరిగి తెలుగులో చదివాను. సునీత నా మరాఠీని పక్కనే కూర్చుని సరిచూసింది. నన్ను నమ్మలేదు, నమ్మకపోవడమే న్యాయం. రెండో పేజీలో నా తప్పు నేను రాసి సంతకం పెట్టాను. ఆఫీసులో మా సార్ అది చూసి, "మతి పోయిందా నీకు? కొరివితో తల గోక్కుంటున్నావు" అన్నారు. అయినా పంపాను.

ఫిబ్రవరిలో ముంబైలో హియరింగ్. జాబితాలో కొత్త కళను ఎందుకు చేర్చాలో అక్కడ వాదించాలి. ముందురోజు రైల్లో ఒక్క ముద్ద దిగలేదు. పొడవాటి బల్లకు ఆ చివర అధ్యక్షురాలు ఉంది. ఇటువైపు ఒక సభ్యుడు మొదటే అడిగాడు, "తెలుగు కథకు మహారాష్ట్ర డబ్బు దేనికి? తెలంగాణ ఇవ్వదా?"

"సార్, ఆ ఊరు మహారాష్ట్రలో ఉంది. ఆ ఊరివాళ్లు గనుల్లో తవ్విన బొగ్గు మహారాష్ట్రలో దీపాలు వెలిగిస్తోంది. వాళ్లు కట్టే పన్ను మరాఠీదా తెలుగుదా అని మనం ఎప్పుడూ అడగలేదు" అన్నాను.

తర్వాత ఐలయ్య ఉత్తరం చదివాను. అధ్యక్షురాలు రెండో పేజీ చేతిలోకి తీసుకుంది.

"మీరు ఇంతకుముందు రాసిన ప్రపోజల్స్‌లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

ఆ ప్రశ్న వస్తుందని ఊహించలేదు. ఒక్కటే అంటే సరిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?

"చాలా ఉన్నాయి మేడం" అన్నాను.

ఆమె తల ఊపి రాసుకుంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. తిరుగు ప్రయాణమంతా ఐలయ్యకు ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కున్నాను. ఆ తర్వాత ఫోను మోగితే భయం, మోగకపోతే భయం.

హోలీకి నాలుగు రోజుల ముందు ఆర్డర్ వచ్చింది. ఒగ్గు కథ జాబితాలోకి ఎక్కింది. ఐలయ్యకు ఒక్క ఏడాదికి సాయం, ఆరుగురు నేర్చుకునేవాళ్లు, రెండు డోళ్లు. అడిగింది మూడేళ్లకు. అదే కవరులో నాకూ ఒక కాగితం ఉంది. పెండింగులో ఉన్న నా పాత ఫైళ్లన్నీ తిరిగి విచారించి పంపాలని. ఆ ఫైళ్లలోని మనుషులు నా మూలంగా ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది. అందులో ఒకాయన ఆ ఏడాది దాటలేదు. ఆయన భార్యకు ఎదురుపడాలంటే నాకు ఇప్పటికీ భయమే.

ఆర్డర్ పట్టుకుని మొదటి బస్సుకే వెళ్లాను. పై గీత నుంచి కింది ముద్ర దాకా తెలుగులో చదివాను. మధ్యలో 'ఆర్థికంగా బలహీన కళాకారుల పథకం' అని ఉంది. దాటేద్దామా అనిపించింది. దాటెయ్యకుండా చదివాను. సునీత కాగితం వైపు వంగి చూసి, అవునన్నట్టు మామకు తలూపింది.

ఐలయ్య విని, "వాళ్లది వాళ్లు రాసుకున్నరు. మనది మనం రాసినం" అన్నాడు. తర్వాత తన ఫోను నా చేతికిచ్చాడు. "గా కాంట్రాక్టర్‌కు మరాఠీల చెప్పు, నేను వస్తలేనని. నేర్పే పని ఉన్నదని చెప్పు. ఒక్క మాట గూడ ఎక్కువ కలుపకు బిడ్డా."

ఆయన చెప్పినంతే చెప్పాను.

ఇప్పుడు ఏ అర్జీ అయినా పంపే ముందు ఆ మనిషి ఎదుట కూర్చుని, ఆయన భాషలో, మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. సగం రోజు పోతుంది. కొందరు నా వాక్యాలు కొట్టేయిస్తారు, కొందరు తిడతారు. వాళ్లు ఊ అనేదాకా ఫైలు నా సంచీలోనే ఉంటుంది.