అవనిగడ్డ గ్రైండరు

ఆక్లండ్ నుంచి బందరుకు ఓడలో సోఫా తెప్పించిన మొనగాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. కంటెయినరుకు నాలుగు లక్షలు. ఆ సోఫా మా అద్దె వాటా మెట్ల మలుపులో పట్టక, కింద షెడ్డులో ఇంటివాళ్ల స్కూటర్ల మధ్య ఉంది. ఇడ్లీపిండి పట్టే పెద్ద గ్రైండరును మాత్రం పరదేశం వెళ్లేటప్పుడే చవగ్గా అమ్మేశాను. ఇప్పుడదే కావాలి. మా ఆవిడ వనజ ఆదివారం నుంచి ముప్పై ఇళ్లకు పిండి ఇస్తానని అడ్వాన్సులు తీసుకుంది. అవి అద్దెకు పోయాయి. కొత్తది కొనే స్తోమత లేదు.

శుక్రవారం తెల్లవారుతూనే మొదటి బస్సుకు గుడివాడ బయలుదేరాను. టికెట్టు యాభై. మా నాన్నది చిలకలపూడిలో గిల్టు నగల కొట్టు. పొద్దున్నే వచ్చిన బోణీ బేరాన్ని ఏ కొట్టువాడూ వదులుకోడని చిన్నప్పట్నుంచీ తెలుసు. పాత సామాన్ల కొట్టు షట్టరు లేవగానే లోపలికి దూరాను.

"బోణీ బేరమండీ, చూసి చెప్పండి."

"బోణీ అయిపోయింది బావగారూ," అన్నాడాయన. తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది. "మా ఆవిడ ఇంటి దగ్గరే ఫ్యాను అమ్మేసింది."

నాకంటే ఘనుడు. పన్నెండు వేలన్న గ్రైండరు గంటసేపటికి తొమ్మిదిన్నర వేలకు దిగింది, బందరులో ఇంటికి చేర్చడంతో సహా. నేను తొమ్మిది దగ్గర ఆగాను. వెనక్కి పిలుస్తాడని మెల్లగా నడిచాను. పిలవలేదు.

ఇంటికి పోదామని పామర్రు మీదుగా వెళ్లే బస్సెక్కితే, పక్క సీటు అరటికాయల వ్యాపారి నా గోడు విని, "అవనిగడ్డలో రమణమ్మగారు మోకాళ్ల నొప్పులతో హోటలు ఎత్తేశారు. వాళ్ల గ్రైండరు అడగండి," అన్నాడు. పామర్రులో దిగి బస్సు మారాను. రెండు బస్సులకూ కలిపి ఎనభై. చల్లపల్లి దాకా నిలబడే ఉన్నాను. పులిగడ్డ వంతెన మీద గాలి తగిలితే కళ్లు మూతలు పడ్డాయి.

రమణమ్మగారు గ్రైండరు తిప్పి చూపించారు. ఏడు వేలన్నారు, ఆరున్నరకు ఒప్పుకున్నారు. నేను డబ్బు తీశాను.

"ఇప్పుడు కాదు నాయనా. ఇవాళ శుక్రవారం. రుబ్బురోలు గడప దాటనివ్వను."

"ఆటో మాట్లాడేశానండీ!"

"అయితే దాన్నీ పడుకోమను. కొట్టువాళ్ల బిడ్డనన్నావు, ఈ మాత్రం తెలీదా?"

తెలుసు. మా నాన్న శుక్రవారం దీపం పెట్టాక చిల్లర కూడా అప్పిచ్చేవాడు కాదు. ఆక్లండ్‌లో మాత్రం శుక్రవారమంటే నాకు సెలవుకు ముందురోజు, అంతే.

వనజ ఫోను చేసింది. "పప్పు ఎప్పుడు నానబోయను?"

"రేపు పొద్దున చెప్తాను."

"రేపు సాయంత్రానికి రుబ్బకపోతే రాత్రికి పులవదు. ముప్పై గుమ్మాలకీ మీరే వెళ్లి చెప్పుకోండి."

లాడ్జీకి ఏడు వందలు. ఫ్యాను తిరిగిన చప్పుడే గాని గాలి లేదు.

శనివారం పొద్దున్నే రమణమ్మగారు రాయికి పసుపూ బొట్టూ పెట్టి, "ఖాళీగా పంపకూడదు," అని గుప్పెడు బియ్యం అందులో పోశారు. డబ్బు లెక్కపెట్టుకోలేదు. ఆటోలో గ్రైండరును కౌగిలించుకుని కూర్చుని ఫోను చేశాను.

"నానబోసెయ్!"

"తెల్లారే పోశాను. మీ బేరం తెగేదాకా ఆగితే ఆదివారం కాదు, వచ్చే నెలే."

ఈ దారిన వెళ్లేవాళ్లు శుక్రవారం తప్పించి వెళ్లండి. ఇక లెక్క: గ్రైండరు ఆరు వేల ఐదు వందలు, బస్సులు నూట ముప్పై, లాడ్జీ ఏడు వందలు, భోజనం, టీలు మూడు వందల పది, ఆటో పద్దెనిమిది వందలు. మొత్తం తొమ్మిది వేల నాలుగు వందల నలభై. గుడివాడ ధర కంటే అరవై మిగిలిందని చెప్పుకుందామనుకున్నాను. కానీ దారిలో చల్లపల్లిలో గ్రైండరుకు కొన్న కొత్త బెల్టు నూట ఎనభై. అంటే నూట ఇరవై నష్టం. కంటెయినరు నాలుగు లక్షలు ఇందులో కలపలేదు. అక్కడ నేను బేరమే ఆడలేదు, అడిగినంతా ఇచ్చేశాను.