కొండ అవతలి వాన

ప్రతి ఏడూ మొదటి సైన్సు క్లాసులో బోర్డు మీద ఒక మాట రాసేవాణ్ణి: కొలిచిందే రాయాలి. రెండేళ్లుగా రాయడం లేదు.

మా బడి విశాఖలో, రేవుకీ ఉక్కు కర్మాగారానికీ మధ్య ఉంది. రెండేళ్ల కిందట మా తొమ్మిదో తరగతి, ఐర్లండ్‌లో సముద్రం పక్కనున్న ఒక చిన్న ఊరి బడితో కలిసి ఆన్‌లైన్ ప్రాజెక్టు చేసింది. పని తేలికే. మెడ కోసిన నీళ్ల సీసాకు స్కేలు అంటించి ఆరుబయట పెట్టాలి. రోజూ పొద్దున ఎనిమిదికి ఎంత వాన పడిందో చూసి, రెండు బడులకూ కనిపించే పట్టికలో వేయాలి. మేం రెండు సీసాలు పెట్టాం. ఒకటి బడి డాబా మీద. అది నా బాధ్యత. రెండోది కొండకు అవతల యారాడలో, మా క్లాసు అమ్మాయి ఇంటి ముందు. వాళ్ల నాన్న చేపల వేటకు వెళతాడు.

డాబాకు మూడంతస్తులు ఎక్కాలి. మొదటి వారం ఎక్కాను. తరువాత ఫోన్లో వాతావరణం చూసి అంకె వేయడం మొదలుపెట్టాను. మోకాళ్ల నొప్పులని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం షటిల్ ఆడడానికి అవే మోకాళ్లు వచ్చేవి.

ఒక సోమవారం ఫోన్ నాలుగు మిల్లీమీటర్లంది. అమ్మాయి ముప్పై ఒకటి రాసుకొచ్చింది.

"ఏటమ్మా, సీసాతో సముద్రం ముంచుకొచ్చావేటి?" అన్నాను.

క్లాసంతా నవ్వింది.

"నాను సూసే రాసినాను సార్. తెల్లారగట్ల గట్టిగా కురిసింది."

"మరిక్కడ పడలేదేటి? కొండ మాకు గొడుగు పట్టిందా?"

మళ్లీ నవ్వారు. ఆమె పుస్తకంలో ఎర్ర పెన్నుతో ముప్పై ఒకటి కొట్టేసి నాలుగు వేశాను, పట్టికలోనూ అదే ఎక్కించాను. ఆ రోజు నుంచి పిల్లలు ఆమెను సముద్రం అని పిలిచారు. నేను ఆపలేదు. ఒకసారి హాజరు వేస్తూ నేనూ అలాగే పిలిచాను.

ఆ తరువాత ఆమె అంకెలు నా అంకెలతో అచ్చంగా కలిశాయి. పిల్ల దారిలో పడిందని సంతోషించాను.

నెలాఖరున వీడియో కాల్. మాకు మధ్యాహ్నం, వాళ్లకు పొద్దున. అక్కడి పాప ఒకతె చాలా మర్యాదగా అడిగింది. తమ ఆటస్థలంలో ఈ చివరి సీసాకూ ఆ చివరి సీసాకూ రోజూ తేడా వస్తోందట. మధ్యన కొండంత కొండ ఉన్నా మా రెండూ ఒకటే చెబుతున్నాయట. అంత బాగా ఎలా కొలుస్తున్నామో తమకు నేర్పమంది.

ఆ రోజు మా తరఫున జవాబు చెప్పాల్సింది యారాడ అమ్మాయి. లేచి నిలబడి, స్క్రీన్ వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"సార్, నాను సీసా సూడ్డం మానీసినాను. నాన్న ఫోన్లో సూసి రాత్తన్నాను," అంది మెల్లగా. "తప్పు నాదని సెప్పీమంటారా?"

చెప్పెయ్ అందామనే అనుకున్నాను, ఒక్క క్షణం. అది కూడా ఇక్కడ రాయాలి.

తరువాత నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నేను డాబా ఎక్కలేదు. ఈమె కొలిచి రాస్తే కొట్టేశాను. ఫోన్ చూసి రాసేలా చేసింది నేనే. ఈసారి మా క్లాసులో ఎవరూ నవ్వలేదు. అవతల వాళ్ల టీచరు, అయితే ఆ గళ్లు ఖాళీగా వదిలేద్దామంది. ముప్పై ఒకటి మాత్రం తిరిగి వేశాం. ఆ నెల మిగతా రోజుల్లో యారాడలో ఎంత వాన పడిందో ఇక ఎవరికీ తెలియదు.

మళ్లీ వాన పడ్డ రోజు అమ్మాయి ఏకంగా సీసానే పట్టుకొచ్చింది. కొండ మలుపుల మీదుగా బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చింది. యూనిఫాం ముందంతా తడి.

"మీరే సూసుకోండి సార్."

చూశాను. పదకొండు ఉంది.

"ఇంటికాడ ఎంతుందమ్మా?"

"ఇరవయ్యారు. మిగతాది బస్సులో ఒలికిపోనాది."

పిల్లలందరూ నా పెన్ను వైపు చూస్తున్నారు. ఇరవై ఆరు వేశాను. సీసా ఆమె చేతికిచ్చి డాబా మెట్లెక్కాను. అప్పటికి తొమ్మిది దాటింది. పట్టికలో నా అంకె పక్కన గంట ఆలస్యమని కూడా రాశాను.