ట అనే గడి

సింగపూర్‌ క్లెమెంటిలో నేను అద్దెకున్న ఫ్లాట్‌లో పక్క గది ఆయనది. హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నేను కంప్యూటర్లలో తేదీలు దిద్దే వైటూకే పనుల మీద ఇక్కడికి వచ్చి, ఆ పని ముగిశాక కూడా ఉండిపోయిన ప్రోగ్రామర్ని. ఆయన యూనివర్సిటీలో ఐర్లండు చరిత్ర మీద పరిశోధన చేస్తుండేవాడు. పదిహేడో శతాబ్దంలో అక్కడ తిరుగుబాటు జరిగింది. బయటి నుంచి వచ్చి భూములు పొందినవాళ్ల మీద స్థానికులు లేచారు. ఇళ్లు వదిలి పారిపోయినవాళ్ల చేత ప్రమాణం చేయించి, ఎవరు ఎవరిని చంపారో వాంగ్మూలాలు రాయించుకున్నారు. వాటి నకళ్లు ఆయన మంచం కింద అట్టపెట్టెల్లో ఉండేవి.

"దొరా, జర వీటికొక ప్రోగ్రాం రాసియ్యరాదు?" అన్నాడు ఒకరోజు.

మా ఊళ్లో మాకు గడి ఉండేదని, కోటలాంటి ఆ ఇల్లు కూలిపోయిందని ఏదో మాటల్లో చెప్పాను. అప్పట్నుంచి ఆయనకు నేను దొరనే. వెక్కిరింపని తెలుసు. అయినా వద్దనలేదు.

ఆ పాత చేతిరాత నాకు అంతుపట్టేది కాదు. ఆదివారాలు కింద హాకర్ సెంటర్లో తిని వచ్చి, ఆయన చదివి తెలుగులో చెప్పేవాడు, నేను కంప్యూటర్లో ఎక్కించేవాణ్ణి. రైలు వెళ్తుంటే ఆగి, చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవాడు. సాక్షి కళ్లారా చూసిందా, ఎవరో చెబితే విన్నదా అన్నదాని మీదే ఆయన అధ్యాయమంతా నిలబడింది. "చంపారు" అంటే చూసింది. "చంపారట" అంటే విన్నది. అందుకని పట్టికలో దానికొక గడి గీసి "ట" అని పేరు పెట్టాను. ట ఉంటే ఒకటి, లేకపోతే సున్నా.

"నాలుగేండ్ల చదువంత ఒక్క అక్షరంల పెట్టేసిన్రు గద దొరా!" అని ఎంతసేపు నవ్వాడో.

ఒక ఆదివారం ఒక వితంతువు వాంగ్మూలం వచ్చింది. పెద్ద ఇల్లు, పనివాళ్లు, పశువులు ఉన్న మనిషి. కట్టుబట్టలతో ఇంట్లోంచి గెంటారు. తర్వాత ఆమె భూములు కౌలుకు చేసే రైతుల్ని పిల్లలతో సహా వంతెన మీద నుంచి నీళ్లలోకి తోశారు.

"తోసిన్రట," అన్నాడు ఆయన. "ఈమె చూడలే. పనిమనిషి చెప్పింది."

"అంత ఇంటి మనిషి ప్రమాణం చేసి చెబుతుంటే ట ఏమిటి?"

"పెద్దింటోళ్లకు చెవులుండవా దొరా? వాళ్లూ వింటరు."

నేను సున్నా కొట్టాను. ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు.

ఊరు తిరగబడ్డ రోజు మా నానమ్మ గడిలోంచి ఎలా బయటికొచ్చిందో ఊళ్లో ఎవరు చెప్పినా చివర ట తగిలించేవారు. ఏడ్చిందట, దండం పెట్టిందట. నాకది ఎప్పుడూ ఎగతాళిలాగే వినిపించేది. ఈ వితంతువు మాటకు ఆ అక్షరం అంటకూడదనుకున్నాను. ఆమెతో ఆగలేదు. అలాంటి ఇళ్లవాళ్లు ఎవరొచ్చినా సున్నాయే కొట్టాను. కూలీలకూ పనిమనుషులకూ మాత్రం ఒక్క ట కూడా వదిలిపెట్టలేదు.

అధ్యాయాన్ని సెమినార్లో చదివిన రోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ఆ కాగితాలు స్వయంగా చదివిన ఒక పెద్దావిడ లేచి, వంతెన దగ్గర ఆ వితంతువు లేనే లేదు కదా అని అడిగిందట. ఇంకో రెండు పేర్లు కూడా చెప్పిందట.

"దొరా, మనం ఏమన్న తప్పు కొట్టినమా?"

మనం అన్నాడు. నా కోసమే అలా అన్నాడేమో.

"మీరు చెప్పిందే నేను కొట్టాను," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "అయితే నేనే తప్పు చదివినట్టున్న," అన్నాడు.

వారం రోజులు ఆ పెట్టెలన్నీ ఒక్కడే మళ్లీ చదివాడు. సాయం చేస్తానని నేను అడగలేదు. తప్పులు ఇంకా బయటపడ్డాయి, అన్నీ దిద్ది మళ్లీ రాసేలోపు స్కాలర్‌షిప్ గడువు ముగిసేలా ఉంది. అధ్యాయం వెనక్కి తీసుకుంటూ ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసి నా చేతిలో పెట్టాడు.

"మీ ఇంగ్లీష్ మంచిగుంటది. జర చూడుండ్రి."

పాత రాత చదవడంలో పొరపాటు పూర్తిగా తనదేనని రాశాడు. సంతకం ఇంకా పెట్టలేదు. అప్పుడు చెప్పినా సరిపోయేది. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, నేను కుర్చీలో నిటారుగా కూర్చుని రెండుసార్లు చదివాను. ఒకచోట స్పెల్లింగ్ దిద్ది, బాగుందని చెప్పి తిరిగి ఇచ్చాను. ఆయన నా పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.