అట్ట కింద అట్ట

మొన్న మా పాప బడి ప్రాజెక్టు కోసం మైదా జిగురు ఉడికిస్తుంటే, ఆ వాసనకు కోరుట్ల ఖాజా సాబ్ మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టే అయింది. పుస్తకాలకు అట్టలు వేయడం ఆయన పని. ఆయన కుట్టిన పుస్తకాన్ని కట్టి బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను లాగవచ్చని అందరికీ చెబుతుండేవాణ్ని. నమ్మినవాళ్లూ ఉన్నారు.

అప్పట్లో నాకు పాత పుస్తకాల పిచ్చి. జగిత్యాలలో ఒక రిటైర్డ్ సారుది నాకంటే ముదిరిన పిచ్చి. పుస్తకాల బరువుకు వాళ్లింటి గోడలు జానెడు లోతు భూమిలోకి దిగాయి, నేను కొలిచాను. ఆయన దగ్గర గుర్రాల వైద్యం మీద ఒక పుస్తకం ఉండేది. మరో ప్రతి ఎక్కడా లేదని ఆయన గర్వం. గుర్రం ఆయనకూ లేదు, నాకూ లేదు. అయినా ఒకరోజు ఆయన చాయ్ చెప్పడానికి లోపలికి వెళ్లగానే అది నా చొక్కా కిందికి చేరింది.

అట్ట మారిస్తే ఎవరూ గుర్తుపట్టరని నేరుగా ఖాజా సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను. వేములవాడ లాడ్జిలో ఒక ముసలాయన అమ్మాడని కథ అల్లాను.

"మంచిగున్నది. మల్లొకసారి చెప్పు," అన్నారు. చెప్పాను.

"ఇందాక ముసలాయన అంటివి. గిప్పుడు ముసలమ్మ ఎట్లయింది బేటా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఖాజా సాబ్ పాత అట్టను ఎన్నడూ పారేయరు. గట్టిగా ఉంటుందని దాని మీదే కొత్త గుడ్డ అంటిస్తారు. ఇప్పుడు ఆ పుస్తకం మీది ఎర్ర గుడ్డను తడిపి మెల్లగా ఒలిచారు. కింద ఇంకో అట్ట. దాని మీద సిరిసిల్లలోని ఒక చిన్న పఠనాలయం ముద్ర.

"సారు గూడ గిట్లనే తెచ్చిండు. ముద్ర చూసిన. పెద్దమనిషని నోర్మూసుకొని అట్టేసిన. గప్పటిసంది గా సారు నమస్తే పెడితే నాకు సిగ్గయితది. నీకు గూడ ఏసిననుకో, మీ ఇద్దరికంటె నేనే పెద్ద దొంగ."

"నేనిప్పుడేం చెయ్యాలె చాచా?"

"సిరిసిల్ల బస్సు ముంగటనే ఆగుతది."

బస్సులో నాలుగు కథలు సిద్ధం చేసుకున్నాను. పఠనాలయం పెద్దాయన పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, "ఎవడెత్తుకపోయిండు దీన్ని?" అనగానే నాలుగూ పక్కన పెట్టేశాను. సారు పేరు చెబితే నేను బయటపడేవాణ్ని.

"నేనే," అన్నాను.

"ఇంకొకసారి గీ గడప తొక్కకు."

సారుకు సంగతంతా ఖాజా సాబే చెప్పారు. ఆ తర్వాత సారు ప్రతి శుక్రవారం సిరిసిల్ల వెళ్లి, కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని మరీ ఆ పుస్తకం చదివి వచ్చేవారు. నాకు ప్రవేశం లేదు. సారు ఇంట్లో తిరగేసినప్పుడు మిగిలిపోయిన, గుర్రాల దగ్గు గురించిన చివరి పేజీలు నేను చదవనే లేదు.

ఖాజా సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఏనుగుకు దగ్గొస్తే ఏం చేయాలో అడగండి, అప్పటికప్పుడు అల్లి అరగంట చెబుతాను. గుర్రానికొస్తే అని అడిగితే మాత్రం, ఎర్ర గుడ్డను ఒలుస్తున్న ఆ వేళ్లు కళ్ల ముందు కదులుతాయి. తెలియదని ఒప్పుకుంటాను.