స్టీలు గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా

మా ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా ముందు దాన్ని చేత్తో ఎత్తి చూసేదాన్ని. ధర తర్వాత, రంగు తర్వాత. విసిరితే ఎంత గట్టిగా తగులుతుంది, దానితో బాదితే ఎక్కడ పగులుతుంది, ఇదే నా లెక్క. చపాతీ కర్ర సన్నటిది కొన్నాను. అడిగిన వాళ్లకు దానితో రొట్టె పలుచగా వస్తుందని చెప్పాను. ఇత్తడి చెంబు అమ్మేసి ప్లాస్టిక్ మగ్గు తెచ్చాను. గొడుగు మడతపెట్టేది. కుర్చీలు ప్లాస్టిక్‌వి. మా బిల్డింగులో ఆడవాళ్లు నాది పిసినారి చెయ్యి అనుకునేవాళ్లు. అనుకోనీ. ఆ ఇత్తడి చెంబు పడేది వాళ్ల నెత్తిన కాదు కదా.

మా ఆయనకు కోపం వస్తే చేతికి ఏది అందితే అది లేస్తుంది. సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గాల మీద పని. ఆ చప్పుడు మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుందని మావాళ్లు నాకు సర్దిచెప్పేవాళ్లు. అదే కార్ఖానాలో అదే చప్పుడు విని, ఇంటికొచ్చి కూతురికి జడ వేసే మగవాడు మా పక్క గదిలోనే ఉన్నాడు. కాబట్టి ఆ మాట నా దగ్గర చెల్లదు.

మా ఇంట్లో నేను మార్చలేకపోయిన వస్తువు ఒకటే, నాడె. మగ్గంలో నూలు మోస్తూ అటూ ఇటూ దూకే కొయ్యముక్క అది. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. అరిగిపోయినదాన్ని మా ఆయన కార్ఖానా నుంచి తెచ్చి గూట్లో పెట్టాడు. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల ఇలాంటిది ఒకటి ఉంటుంది. దసరా రోజు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. అన్నం పెట్టే పనిముట్టు, పారేస్తే పాపం. ఏడాదిలో ఆ ఒక్కరోజు అది దేవుడు. మిగతా రోజుల్లో దానికి నా ఒళ్లు తెలుసు. నా ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు మొలవని చోటు దాని మొన దిగిన చోటే.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని ఒక సామెత ఉంది. ఆ సామెత కట్టినవాళ్లు ఎవరో గానీ నాడెతో దెబ్బ తిని ఉండరు. నేను కొట్టినందుకే ఏడ్చాను. ఎవరైనా నవ్వారో లేదో చూసే తీరిక లేదు.

సూరత్‌లోనే వరాఛా అనే పేటలో ఒక గుజరాతీ ఆవిడ దగ్గర నేను పనికి వెళ్లేదాన్ని. అందరిలాగే నేనూ ఆమెను బెన్, అంటే అక్క, అని పిలిచేదాన్ని. ఇళ్లకు, వజ్రాల ఆఫీసులకు వెళ్లి కార్పెట్లు, సోఫాలు శుభ్రం చేయడం మా పని. పని తేలికే, మోతే చావు. మిషన్‌లో రెండు టాంకులు. ఒకదాంట్లో సబ్బునీళ్లు పోస్తాం. గొట్టం చివర మూతిని కార్పెట్ మీద ఆనించి మీట నొక్కితే నీళ్లు లోపలికి చిమ్ముతాయి, వెంటనే మురికితో సహా వెనక్కి లాగేసి రెండో టాంకులో పోస్తుంది. పైకి పూలూ లతలూ కనిపించే కార్పెట్ లోపల ఏముందో ఆ రెండో టాంకు చూస్తే తెలుస్తుంది. నల్లటి బురద. నాకు ఆ బురద చూడటం ఇష్టంగా ఉండేది. ఎంత కడుపులో దాచుకున్నా కక్కించే యంత్రం ఒకటి ఉందని.

ఒకరోజు ఒక పెద్ద ఫ్లాట్‌లో, లేత రంగు కార్పెట్ మీద గోధుమరంగు మరక చూపించి ఇంటావిడ టమాటా చట్నీ పడిందని చెప్పింది. బెన్ వేడినీళ్ల మీట వెయ్యబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వేడినీళ్లు పడితే నెత్తురు ఉడికి దారాల్లో పాతుకుపోతుంది, ఇక జన్మలో పోదు. చల్లటినీళ్లే పొయ్యాలి. అది నేను ఏ కంపెనీలో నేర్చుకున్నది కాదు, మా బాత్రూములో నా జాకెట్లు ఉతుక్కుంటూ నేర్చుకున్నది. చల్లటినీళ్లకు మరక కరిగి టాంకులోకి ఎర్రగా వచ్చింది. ఇంటావిడ టాంకు వైపు చూసింది, నా కనుబొమ్మ వైపు చూసింది. ఆ రోజు ఆమె మొగుణ్ణి నేను చూడలేదు గానీ, చూసి ఉంటే చేతిలో ఉన్న గొట్టం ఊరుకునేది కాదేమో.

వానలు తగ్గే వేళకు బెన్ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. సొంత మిషన్ కొనుక్కుంటే తన ఇళ్లన్నీ నాకే అప్పగిస్తానని, దీపావళి శుభ్రాల పని మొదలయ్యేలోపు కొనకపోతే అమ్రోలిలో ఉన్న ఇంకో జట్టుకు ఇచ్చేస్తానని చెప్పింది. దీపావళి ముందు సూరత్‌లో కార్పెట్ కడిగించని ఇల్లు ఉండదు. ఆ పని నాకు దొరికితే నా తిండి నేను తింటాను, కావాలంటే నా గది నేను తీసుకుంటాను. దొరక్కపోతే ఆ గూడూ ఆ నాడే, అంతే నా బతుకు. కమ్మలు అమ్మేశాను.

మిషన్లు అమ్మే దుకాణం కడోదరా రోడ్డు మీద ఉంది. ఒక్కదాన్నే వెళతానంటే మా ఆయన ఒప్పుకోలేదు, వెంట వచ్చాడు. దుకాణం అతను ఆయనకే కుర్చీ వేసి, ఆయనకే అన్నీ వివరించాడు. చక్రాల మీద నడిచే పెద్దది చూపించి దాని పీల్చే బలం గురించి, వేడినీళ్ల గురించి చాలాసేపు మాట్లాడాడు. నేను వెళ్లి దాని పిడి పట్టుకుని ఎత్తాను. నేల వదల్లేదు. లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. మా ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి.

"పెద్దదే తీస్కుందాం. మగ్గం ఇడ్సిపెట్టి నేను గూడ నీతోటి వస్త" అన్నాడు.

ఆయన వచ్చాడంటే ఇంటింటికీ నా వెనక నిలబడతాడు, ఎవరితో మాట్లాడినా లెక్క అడుగుతాడు. కొంపలో పడే దెబ్బలు ఊరంతా పంచుకుంటూ తిరగాలి. పక్కన చిన్న మిషన్ ఉంది. ఎత్తాను. బరువే, కానీ లేచింది, భుజానికి వేసుకుంటే నడవగలను. వేడినీళ్లకు వేరే మీట ఉందా అని అడిగాను. ఉంది, ఆపుకోవచ్చు. మురికి టాంకు లోపల ఏముందో కనిపిస్తుంది, మూత పూర్తిగా ఊడివస్తుంది. బెన్ ఇదే కొనమందని అబద్ధమాడాను. బెన్ మాటంటే మా ఆయనకు కాస్త జంకు, గుజరాతీవాళ్లతో పేచీ ఎందుకని.

చివరికి గొట్టం దగ్గరికి వచ్చింది సంగతి. మూతికీ పైపుకీ మధ్య చేత్తో పట్టుకునే పొడవాటి గట్టి గొట్టం రెండు రకాలు, స్టీలుది, ప్లాస్టిక్‌ది. స్టీలుది మా ఆయన తీసుకున్నాడు. ఒకసారి గాలిలో ఆడించి, ఎడమ అరచేతిలో టప్ టప్ అని కొట్టుకున్నాడు. ఏమీ ఆలోచించి చెయ్యలేదు, ఊరికే. కానీ నా వీపు మీద చర్మం ముడుచుకుంది. ఆడవాళ్లు తేలికని ప్లాస్టిక్‌దే తీసుకుంటారని దుకాణం అతను అన్నాడు. నేనూ అదే తీసుకున్నాను. ఎప్పటి లెక్కే.

ఆ లెక్క తప్పింది. దసరా ఇంకా రాకముందే ఒక సాయంత్రం వరాఛాలో పని ఆలస్యమై ఇంటికి వచ్చాను. మిషన్ దించి గొట్టం గోడకు ఆనించానో లేదో, ఆయన చేతిలోకి వెళ్లింది.

"ఎవని ఇంట్లకు పోతున్నవే గీ మిషిన్ పట్కొని?"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపు మీద. మూడో దెబ్బకు గొట్టం రెండు ముక్కలైంది. ప్లాస్టిక్ తగలదని కదా తెచ్చాను. విరిగిన ప్లాస్టిక్ కత్తి. చేతిలో మిగిలిన ముక్కతో ఆయన మళ్లీ కొట్టాడు, మోచేతి నుంచి కిందికి చీరుకుపోయింది. కొట్టి కొట్టి అలిసిపోయి ఆయన పడుకున్నాడు. నేను చల్లటినీళ్లలో జాకెట్ నానబెట్టి, బకెట్ ముందు కూర్చుని ఏడ్చాను. నొప్పికి కొంత. గొట్టం లేకుండా రేపు వరాఛాలో పని ఎలాగన్న దానికి చాలా. ఏడుస్తుండగానే ఒళ్లంతా కోపం నిండింది. ఇన్నేళ్లు నేను ఇంటికి తెచ్చిన వస్తువులన్నీ ఆయన చేతికి సరిపోయేలా తూచి తెచ్చాను. అవి పట్టుకోవడానికి నాకూ చేతులున్నాయని ఒక్కసారీ అనుకోలేదు.

మర్నాడు ఒక్కదాన్నే కడోదరా వెళ్లాను. ఎలా విరిగిందని దుకాణం అతను అడిగాడు. కింద పడిందన్నాను. అతను నా చేతికున్న కట్టు చూసి, కింద పడితే ఇలా విరగదని హిందీలో నెమ్మదిగా గొణిగాడు. ఆ రోజు అన్నీ మా ఆయనకే వివరించిన మనిషి. నేను స్టీలుది అడిగాను. ఎత్తి చూశాను. పొడుగు సరిపోయింది, పిడి దగ్గర పట్టు బాగా కుదిరింది. మొదటిసారి ఒక వస్తువును నా చేతికి సరిపోతుందా అని చూసి కొన్నాను.

దసరా రోజు మా ఆయన నాడెకు పసుపు రాస్తుంటే నేను పక్కనే మిషన్ పెట్టి, గొట్టానికి కుంకుమ బొట్లు పెట్టాను. ఆయన వింతగా చూసి, పండగ పూట కదాని మళ్లీ నాడె మీదికి వంగాడు.

పండగ వెళ్లిన రెండోనాడు పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. వెళ్లొద్దన్నాడు. బెన్ ఇళ్లు ఇవాళే నాకు అప్పగిస్తుంది, వెళ్లక తప్పదన్నాను. ఆయన మిషన్‌ను కాలితో మెట్ల దాకా తోశాడు.

"కిందికి తన్నుత, జూడు" అన్నాడు.

కాలు ఎత్తాడు. నేను గొట్టం ఎత్తాను. నేనేదో అబల వేషం వేసి ఒళ్లు తెలియక కొట్టానని చెప్పను. తెలిసే కొట్టాను. మొదటి దెబ్బ తొడ మీద వేశాను, కాలు దిగింది. ఆయన గొట్టం లాక్కోవడానికి చెయ్యి చాపాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన గోడకు జారి కూర్చున్నాడు, నుదురు తలుపు అంచుకు కొట్టుకుని నెత్తురు కారింది. ఇంకో దెబ్బ వెయ్యాలని చెయ్యి పీకింది. ఉన్నమాటే చెబుతున్నాను, పీకింది. కానీ బెన్ ఎదురుచూస్తోంది. పక్క గదిలో అతన్ని పిలిచి ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పి, మిషన్ భుజానికి వేసుకుని మూడంతస్తులు దిగాను. గుమ్మం దగ్గర నెత్తురు మాత్రం తుడవలేదు.

ఆ వారం చివర మా కులపెద్దలు వచ్చారు. ముగ్గురు మగవాళ్లు, వాళ్లలో పెద్దాయన వెంట ఆయన భార్య. మగవాళ్లు చాప మీద కూర్చున్నారు, ముసలమ్మ తలుపు దగ్గర నిలబడింది. మా ఆయన చేతికి పిండికట్టుతో మూల కూర్చున్నాడు. పొయ్యి మీద టీ పెట్టి నేనూ వచ్చి నిలబడ్డాను.

"మొగని మీద చెయ్యెత్తినవట, నిజమేనా బిడ్డా?" అని పెద్దాయన అడిగాడు.

"చెయ్యెత్తలే పెద్దయ్యా. గొట్టం ఎత్తిన."

ముగ్గురూ చాలా మాట్లాడారు. సంసారమన్నాక గిన్నెలు గిన్నెలు తగులుతాయన్నారు, ఆడది ఓర్చుకోవాలన్నారు, పరాయి ఊళ్లో మన పరువేం కావాలన్నారు. చివరికి తీర్పు చెప్పారు. పని చేసుకోవచ్చు, కానీ ఆ ఇనుప గొట్టం ఇంట్లో ఉండకూడదు.

నేను లోపలికి వెళ్లి గొట్టం తెచ్చి వాళ్ల ముందు చాప మీద పెట్టాను. గూట్లో నాడె తీసి దాని పక్కన పెట్టాను. రెండిటి మీదా దసరా కుంకుమ ఇంకా పోలేదు.

"రెండూ అన్నం పెట్టే పనిముట్లే" అన్నాను. "గీ నాడెతోటి నా కనుబొమ్మ పగిలిననాడు మీరెవ్వరు రాలే. ఏది బయట పారెయ్యాల్నో గిప్పుడు చెప్పుండ్రి."

ముగ్గురూ నేతవాళ్లే. ముగ్గురి ఇళ్లలోనూ నాడె ఉంది. పెద్దాయన చెయ్యి చాపి దాని ఇనుప మొనను ముట్టుకోబోయి వెనక్కి తీసుకున్నాడు. టీ తాగారు, చెప్పులు వేసుకున్నారు. మా ఆయన తల ఎత్తలేదు.

మగవాళ్లు మెట్లు దిగుతున్నారు. ముసలమ్మ మాత్రం గుమ్మంలోనే ఆగింది. వంగి, గొట్టం మీద వేళ్లు పెట్టి ఒకసారి ఎత్తి చూసింది. నేను దుకాణంలో ఎత్తి చూసినట్టే.

"గిది యాడ దొర్కుతదే బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

కడోదరా రోడ్డు మీద అని చెప్పాను. ప్లాస్టిక్‌ది ఇవ్వబోతాడు, స్టీలుదే అడగమని చెప్పాను.